జుల్మీరత్త వద్దన్న పుంజు

మా జెనిపాపో కొండ మీద జుల్మీరత్త ఇల్లు ఎక్కడని ఎవరినడిగినా చెబుతారు. మెట్లు రెండుగా చీలే చోట నీలం తలుపు. తెల్లవారకముందే తల్లులు నిద్రమత్తులో ఉన్న పిల్లల్ని భుజాన వేసుకొచ్చి ఆ తలుపు దగ్గర దించేస్తారు. దించి, సముద్రం పక్కన మేడల్లో గిన్నెలు తోమడానికీ, ఆ మేడలవాళ్ల పిల్లల్ని ఆడించడానికీ వ్యాన్ ఎక్కుతారు. రియోలో సగం మంది మా ఆడవాళ్లు తోమిన కంచాల్లో తింటారు. మా పిల్లలు ఆ వేళకి తిన్నారా లేదా అన్నది మాత్రం ఎవరికీ పట్టదు. పట్టింది జుల్మీరత్తకే.

ఆమెను దేవత అంటే నేనొప్పుకోను. పక్కిల్లే నాది, జడలల్లే దుకాణం, నా పేరు ఒడేట్. ఆమె నోరు ఎలాంటిదో గోడ ఇవతల నుంచి రోజూ వింటున్నదాన్ని. లావుపాటి మనిషి, మోకాళ్ల నొప్పులు, ముక్కు మీద కోపం. అన్నం వదిలేస్తే తిడుతుంది, చేతులు కడుక్కోకపోతే తిడుతుంది. ఆ తిట్ల మధ్యనే నల్ల చిక్కుడుగింజలు ఉడికించి, అన్నంలో కలిపి, పైన వేయించిన కర్రపెండలం పిండి చల్లి, ఒక్కొక్కరి నోట్లో పెడుతుంది. పిల్లలు ఆమె గౌను అంచు వదలరు.

ఒక్క విషయంలో మాత్రం కొండంతా ఆమెకు చాదస్తమని పేరు పెట్టింది. పిల్లలకు చూపించే బొమ్మల సినిమాల విషయం. ఆదివారం చర్చి నుంచి రాగానే కళ్లజోడు పెట్టుకుని టీవీ ముందు కూర్చునేది. మేనల్లుడు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి తెచ్చినవన్నీ మొదటి నుంచి చివరి దాకా చూసేది. నేను వెనక కూర్చుని ఆమె జుట్టు చిక్కు తీసేదాన్ని.

"ఏంటత్తా, పరీక్షకి చదువుతున్నావా?" అనేదాన్ని.

"నోర్మూసుకుని జడల్లవే."

విరిగిన గొడుగులు బాగుచేసే ఆక్టోపస్ ఆమెకు నచ్చింది. నది ఒడ్డున చేపలు పట్టే ముసలమ్మ నచ్చింది. పోలీసు కనిపించాడో, అంతే, టక్కున ఆపేసేది. అది కుక్కయినా, కారయినా, ఎలుగుబంటయినా సరే. "దొంగ ముఖానికి ఎప్పుడూ నల్ల రంగే పూస్తారేమే? వీళ్లింట్లో వేరే రంగులు లేవా?" అని తెర మీద మండిపడేది. నాకు నవ్వొచ్చేది కానీ నవ్వేదాన్ని కాదు. ఎందుకలా చూస్తుందో నాకు తెలుసు.

టీవీ పైన గోడకి ఆమె కొడుకు జోసుయే ఫొటో ఉంటుంది. బంతాట బూట్లు లేసులు ముడేసి మెడలో వేసుకుని నవ్వుతుంటాడు. చిన్నప్పుడు వాడికి ఒక కోడిపుంజు బొమ్మలంటే పిచ్చి. నీలం టోపీ పెట్టుకున్న పోలీసు పుంజు. ప్రతిసారీ ఊళ్లో ఏదో పోతుంది, ఒక పందికొక్కు పరుగెడుతుంది, పుంజు దాన్ని పట్టుకుని ఛాతీ విరుచుకుని "పరుగెత్తినవాడే దొంగ!" అని కూస్తుంది. జోసుయే మంచం మీద నిలబడి అదే కూసేవాడు. అప్పట్లో జుల్మీరత్త కూడా పని ఇళ్లకు పోయేది. వాడు ఆ పుంజు ముందు కూర్చుంటే బయటికి పోకుండా క్షేమంగా ఉంటాడని ఆమే పెట్టి వెళ్లేది.

వాడికి మీసాలు మొలుస్తున్న వయసులో, ఒక సాయంత్రం ఆట ముగించుకుని స్నేహితులతో మెట్లెక్కుతుంటే పోలీసులు ఎదురయ్యారు. అందరూ పరుగెత్తారు. జోసుయే ఆగాడు. వాండర్ అనేవాడు వాడి చొక్కా పట్టి లాగాడట. "నేనేం చేశానని పరుగెత్తాలిరా?" అన్నాడట వీడు. రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. ఎత్తిన చేతిలో బూట్లున్నాయి. పోలీసులు అది తుపాకీ అనుకున్నామని రాసుకున్నారు. వాండర్ ఇప్పుడు వ్యాన్ నడుపుతున్నాడు, ఇద్దరు పిల్లలు. పరుగెత్తినవాళ్లందరూ బతికే ఉన్నారు. వాళ్లు మెట్ల మీద ఎదురైనప్పుడు జుల్మీరత్త పలకరిస్తుంది, మంచీ చెడూ అడుగుతుంది, లోపలికొచ్చి తలుపేసుకుంటుంది.

ఒకసారి నాతో అంది. "తుపాకీ వాళ్లదే ఒడేటూ. ఆగాలని నేర్పింది మాత్రం నా టీవీనే."

"పిచ్చి మాటలాడకు" అని తిట్టాను.

ఇంతకీ మొన్నటి గొడవ తాయిస్ కొడుకుతో వచ్చింది. తాయిస్ కింది సందులో పిల్ల, నా చేతుల్లో పెరిగింది. కొడుకు రువాన్‌కి ఇంకా పాలపళ్లు ఊడలేదు. తాయిస్ పనిచేసే ఇంటి దొరసాని, తన కొడుకు వాడి వదిలేసిన టాబ్లెట్ ఒకటి, దాంతో ఒక నీలం టోపీ ఇచ్చింది. టాబ్లెట్ తెరిస్తే అదే పుంజు. రంగులు కొత్తవి, కూత పాతదే. రువాన్ మర్నాడు ఆ టోపీ పెట్టుకుని వచ్చి, మిగతా పిల్లల్ని పట్టుకుని "పరుగెత్తినవాడే దొంగ!" అన్నాడు. వంటింట్లో జుల్మీరత్త చేతిలోంచి గరిటె జారిపడిన చప్పుడు నా ఇంట్లోకి వినబడింది.

సాయంత్రం తాయిస్ రాగానే గుమ్మంలోనే పట్టుకుంది. "ఆ టాబ్లెట్‌లోంచి ఆ పుంజుని తీసెయ్యవే."

"ఏంటత్తా, కోడిపుంజు మీద కూడా పగేనా?"

"పగ కాదే. వాడు నమ్ముతున్నాడు."

"నమ్మనీ! పుట్టినప్పటి నుంచీ వాడు వింటున్నది హెలికాప్టర్ మోతేగా. పోలీసంటే ఉచ్చ పోసుకునేలా పెంచమంటావా? ఆ పుంజు ముందు కూర్చున్న కాసేపయినా వాడికి భయం లేదు. ఆ కాసేపు కూడా లాక్కుంటావా నువ్వు?"

తాయిస్ మాటలో తప్పేముంది? నా బిడ్డయినా నేనూ అదే అందును. జుల్మీరత్త మాత్రం "మా ఇంట్లోకి టోపీ తేవద్దను" అంది. తాయిస్ మూతి ముడుచుకుని పిల్లాణ్ని లాక్కుపోయింది. ఆ తర్వాత రువాన్ టోపీ లేకుండానే వచ్చేవాడు. అనుకున్నాం.

ఒక ఉదయం పిల్లలు పాలు కలిపిన కాఫీలో రొట్టె ముంచుకుని తింటున్న వేళ తారాజువ్వలు పేలాయి. మా కొండ మీద పగటిపూట తారాజువ్వలు పేలితే పండగ కాదు. కింద పోలీసులు దిగారని మత్తుమందుల ముఠా కాపలా కుర్రాళ్లు చేసే హెచ్చరిక. నేనొక అమ్మాయికి జడలు సగం అల్లి ఉన్నాను. ఇళ్ల కప్పుల మీదనే తిరుగుతున్నట్టు హెలికాప్టర్ వచ్చింది. ఆ పిల్ల సగం జుట్టుతోనే ఇంటికి పరుగెత్తింది. నాది రేకుల కప్పు, జుల్మీరత్తది సిమెంటు. అందుకని నేను అక్కడికి పరుగెత్తాను. చేతిలో నల్ల దువ్వెన ఉందని గుమ్మంలో గుర్తొచ్చి అక్కడే పారేశాను. ఇలాంటప్పుడు చేతిలో నల్లగా ఏదీ ఉండకూడదు.

జుల్మీరత్త అప్పటికే పిల్లల్ని స్నానాలగది పక్క నడవాలో పడుకోబెట్టింది. రెండు గోడలు అడ్డం ఉండే చోటు ఆ ఇంట్లో అదొక్కటే. టీవీలో ఆక్టోపస్ పాట గట్టిగా పెట్టింది. పిల్లలు బోర్లా పడుకుని ఆ పాటే పాడుతున్నారు. బయట పుర్రెబండి మెట్ల దాకా వచ్చింది. పుర్రె గుర్తు వేసిన ఆ పోలీసుల ఇనుప బండి చప్పుడు పాటను మింగేసింది. జుల్మీరత్త పిల్లల మీద చేతులు చాచి ఇంకా గట్టిగా పాడింది. ఆమె గొంతు ఏమాత్రం బాగుండదు. అయినా ఆ పూట ఆ గొంతు పట్టుకునే నేనూ ఊపిరి పీల్చాను.

తలుపు దబదబమంది. తీసేలోపే ఇద్దరు లోపలికొచ్చారు. ముందున్నవాడు కుర్రాడు, గడ్డం కూడా సరిగా రాలేదు, తుపాకీ మాత్రం వాడంత ఉంది.

"ఎవరున్నారు లోపల?"

"పిల్లలు సార్. పసిపిల్లలు. ఇంకెవ్వరూ లేరు" అంది జుల్మీరత్త, చేతులు రెండూ కనబడేలా పెట్టి.

అప్పుడు నడవాలోంచి రువాన్ లేచాడు. చొక్కా లోపల దాచుకున్న నీలం టోపీ తీసి తలకి పెట్టుకున్నాడు. ముఖం వెలిగిపోతుంటే ఆ కుర్రాడి వైపు ఉరికాడు. తుపాకీ గొట్టం గిర్రున తిరిగి వాడి మీదికొచ్చింది.

"ఆగరా!" జుల్మీరత్త అరిచిన అరుపు నాకిప్పటికీ నిద్రలో వినబడుతుంది.

రువాన్ ఆగాడు. నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు.

ఆ కుర్రాడు తుపాకీ దించాడు. దించి, నవ్వాడు. "ఏరా కమాండరూ, దొంగలెవరైనా ఉన్నారా ఇక్కడ?"

"లేరు సార్. ఎవరూ పరుగెత్తలేదు."

ఇద్దరూ పకపకా నవ్వారు. కుర్రాడు వంగి రువాన్ టోపీ సరిచేశాడు. మంచాల కిందా, అలమరలోనూ చూశారు. వెళ్తూ వెళ్తూ జుల్మీరత్తతో అన్నాడు. "పిల్లల్ని బాగా పెంచుతున్నావమ్మా."

ఆమె వంటింట్లోకి వెళ్లి స్టూలు మీద కూలబడింది. పొయ్యి మీద గింజలు మాడి వాసనొస్తున్నా లేవలేదు. నేనే వెళ్లి ఆపాను. తిట్టి, కొట్టి పోతే ఏడుద్దుము, మరిచిపోదుము. నవ్వి, టోపీ సరిచేసి పోయాడే, దాన్నేం చేసుకోవాలి? వాడు మంచివాడే కావచ్చు. జోసుయేకి ఎదురైనవాడి ఇంట్లోనూ ఎవరో వాణ్ని మంచివాడే అని ఉంటారు.

హెలికాప్టర్ పోయాక పై మలుపులో ఎవరిదో ఏడుపు మొదలైంది. పిల్లలకు వినబడకుండా ఆక్టోపస్‌ని మళ్లీ పెట్టాను. కబురు తెలిసి తాయిస్ పని మధ్యలో వదిలేసి వచ్చింది. ఎప్రన్ కూడా విప్పలేదు. పరుగున మెట్లెక్కిందేమో, మాట రావడం లేదు. రువాన్ ఎదురెళ్లి గొప్పగా చెప్పాడు.

"అమ్మా! పోలీసు నా టోపీ బాగుచేశాడు. నేను ఆగాను. అందుకే నన్నేం చేయలేదు."

జుల్మీరత్త వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. రువాన్ ఆమె వైపు తిరిగాడు, తర్వాత గోడ మీది ఫొటో వైపు చూశాడు. ఆ ఫొటోలో అన్నని పోలీసులు చంపారని కొండ మీద పిల్లలందరికీ తెలుసు.

"అత్తా, మరి జోసుయే దొంగా?"

తాయిస్ వాడి నోరు మూయబోయింది. జుల్మీరత్త వద్దని చెయ్యెత్తింది. మోకాళ్లు పట్టుకుని, గోడ ఆసరాతో మెల్లగా వాడి ముందు నేల మీద కూర్చుంది. ఆమె అలా నేల మీద కూర్చోగా నేనెన్నడూ చూడలేదు. మళ్లీ లేవడం ఆమె వల్ల కాదు.

"కాదు నాన్నా."

"మరి పరుగెత్తాడా?"

"లేదు. నీలాగే ఆగాడు."

రువాన్ ఆలోచనలో పడ్డాడు. టోపీ తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. పుంజు చెప్పినదాంట్లో ఎక్కడో లెక్క తప్పింది, ఎక్కడో వాడికి అందడం లేదు.

"అయితే ఈసారి వాళ్లొస్తే నేను పరుగెత్తాలా, ఆగాలా?"

జుల్మీరత్త తాయిస్ వైపు చూసింది. తాయిస్ నా వైపు చూసింది. టీవీలో ఆక్టోపస్ గొడుగు కుట్టుకుంటూ పాడుతోంది. వాడు టోపీ చేతిలో పట్టుకుని, మా ముగ్గురి ముఖాల్లోకి ఒక్కొక్కరినే చూస్తూ నిలబడ్డాడు. ముగ్గురం పెద్దవాళ్లం ఉన్నాం ఆ గదిలో.