మూడో ఫారం వదిన, రాని ఫోను

బైండింగ్ షాపులోనూ, వీధి మలుపులో కుళాయి దగ్గరా వదిన గురించి చెప్పుకునే మాట ఒకటే. మంచాన ఉన్న అత్తకు పెద్ద కొడుకు పోయిన సంగతి ఇప్పటికీ చెప్పకుండా, కళ్ళకు గంతలు కట్టి ఆడిస్తోందని. "పొద్దంతా నీతి పాఠం మడతపెడుతుంది, ఇంటికెళ్ళి నోరు తెరిస్తే అబద్ధం" అని నవ్వుకుంటారు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. నిప్పు ఉన్నమాట నిజమే.

షాపులో మడత బల్ల దగ్గర అయిదుగురు ఆడవాళ్ళు కూర్చుంటారు. అచ్చాఫీసు నుంచి వచ్చే పెద్ద కాగితాన్ని ఫారం అంటారు. దాని మీద ఇటు ఎనిమిది పేజీలు, అటు ఎనిమిది. మూడు మడతలు పెడితే పదహారు పేజీలూ బుద్ధిగా వరసలోకి వస్తాయి. పరిచి ఉన్నప్పుడు మాత్రం పేజీలు చెల్లాచెదురుగా, కొన్ని తలకిందులుగా కూడా ఉంటాయి. ఒకదాని పక్కన ఉన్నది దాని తర్వాతిది కాదు. ఫారాలు కలిసిపోకుండా ఒక్కొక్కరు ఒక్కో ఫారమే మడుస్తారు. అందుకే పుస్తకం మారేదాకా ఎవరినైనా పిలవాలంటే ఫారం అంకెతోనే పిలుస్తారు.

ఆసారి వచ్చింది కాలేజీ పిల్లలకు తత్వశాస్త్రాన్ని పరిచయం చేసే చిన్న పుస్తకం. "చదివి పిచ్చెక్కితే సెలవు ఇచ్చేది లేదు" అని యజమాని ముందే చెప్పేశాడు. చెయ్యి పని చేసుకుపోతుంటే కళ్ళు ఊరుకోవు కదా. అందరూ చదివారు, ఎవరికి దొరికిన ముక్క వాళ్ళు.

"అసలు ఏది ఉంది, ఏది లేదు అని నా ఫారం రాసినవాడి గొడవ" అంది మొదటి ఫారం అక్క. వయసులో అందరికన్నా పెద్దది. "ఈ బల్ల నిజంగా ఉందా అంటాడు. లేకపోతే రోజూ నా మోకాలికి కొట్టుకునేదేంటమ్మా?"

"కొట్టుకుందని నీకెలా తెలుసు అంటాడు నా వాడు" అంది రెండో ఫారం. "కలలో కూడా కొట్టుకుంటుందిగా. తెలుసు అనడానికి ముందు ఎలా తెలుసో చెప్పాలట."

నాలుగో ఫారానికి తర్కం వచ్చింది. "కాకులన్నీ నలుపు, ఇది నలుపు, కాబట్టి ఇది కాకి అంటే తప్పట. మరి మా ఆయన ముప్పై ఏళ్ళుగా మాట్లాడేదంతా ఇదే వరస."

అందం అంటే వస్తువులో ఉంటుందా చూసే కంట్లో ఉంటుందా అన్నది అయిదో ఫారం వాటా. ఆ అమ్మాయికి కొత్తగా పెళ్ళయింది. ఆమెను ఏడిపించడానికి అదొక్కటీ చాలింది.

"నీదేంటి మూడో ఫారం వదినా, మాట్లాడవు?" అని అడిగారు.

"ఏం చెయ్యాలి, ఏం చెయ్యకూడదు అని" అంది వదిన.

"పాపం, కష్టమంతా నీకే తగిలింది" అన్నారు నవ్వుతూ. వదిన నవ్వలేదు. ఫారం మడిచి గీత మీద చెక్కముక్కతో గట్టిగా రుద్దింది.

ఆమె బావగారు దూరాన ఓడరేవులో క్రేన్ నడిపేవాడు. ఎత్తు నిచ్చెన మీంచి జారిపడి చనిపోయాడు. అత్త అప్పుడే గుండె జబ్బుతో ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చింది. పెద్ద దిగులు తగలనివ్వొద్దని డాక్టరు చెప్పి ఉన్నాడు. వదిన భర్త ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. అన్నను సాగనంపి వచ్చి, గుమ్మంలోనే భార్యను ఆపి, "అమ్మకు చెప్పొద్దు" అన్నాడు.

"ఎన్నాళ్ళు దాస్తాం?"

"కాస్త కోలుకోనీ."

అబద్ధం చెప్పే పని వదినకు వచ్చింది. ఆ మాట ఎత్తితే భర్త పనిముట్లు పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళిపోయేవాడు. రోజూ సాయంత్రం ఆమె అత్త మంచం దగ్గర నిలబడి, "బావగారు ఫోన్ చేశారత్తా. మీరు నిద్రలో ఉంటే లేపొద్దన్నారు" అనేది. అత్త అక్కడితో ఊరుకునేది కాదు. ఏం తిన్నాడట? గొంతు ఎలా ఉంది? బొంగురుగా ఉందని ఒకసారి నోరుజారితే, ఇక ఆ జలుబును రోజుకు కాస్త తగ్గించుకుంటూ రావలసి వచ్చింది. తర్వాత ఆయన గది మారాడు. కొత్త బూట్లు కొన్నాడు. అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. అతికించడంలోనే వదిన ప్రాణం పోతోంది. నిన్న ఏం చెప్పానో అని మడత బల్ల దగ్గర కూడా నెమరు వేసుకునేది. లేని మనిషికి జలుబు వచ్చింది, తగ్గింది కూడా. మొదటి ఫారం అక్కను అడగాలనిపించేది, ఇలాంటిదాన్ని ఉన్నదనాలా లేదనాలా అని. అడగలేదు.

ఇంతలో ఆ పేజీ కంటపడింది.

కాగితానికి ఎడమ పక్క, కింది వరసలో ఉంది. జబ్బు మనిషికి చెడువార్త దాచవచ్చునా అని ప్రశ్న. కింద జవాబు: దాచరాదు. ఒకరి జీవితానికి సంబంధించిన నిజం వారి సొత్తు. ఎంత ప్రేమతో దాచినా, అది వారి సొత్తు కాజేయడమే. అక్కడితో పేజీ అయిపోయింది.

వదిన చెక్కముక్క పక్కన పెట్టి మళ్ళీ చదివింది. ఒక్కసారి చదివి వదిలేసే వీలూ లేదు. కట్టకట్టంతా అదే ఫారం. ఒకటి మడిచి పక్కన పెడితే కింద మళ్ళీ అదే పేజీ, అదే మాట. చెయ్యి అడ్డం పెట్టి మడిచింది. లాభం లేకపోయింది. అప్పటికే నోటికి వచ్చేసింది. సాయంత్రం అత్త ముందు నిలబడితే తేలుకుట్టిన దొంగలా ఉండేది. "బావగారు..." అని మొదలుపెట్టేసరికి దుప్పటి సర్దే వంకతో తల వంచుకునేది.

చివరికి ఆదివారం చెప్పేయాలని నిశ్చయించుకుంది. భర్త రిపేరుకు వెళ్ళే వేళ చూసుకుని, గుండె మాత్ర దగ్గర పెట్టుకుని. ఆ సంగతి నాలుగో ఫారానికి మాత్రం చెప్పింది. పుస్తకంలోనే ఉంది కదా అంది.

నాలుగో ఫారం చేతిలో పని ఆపేసింది. "తర్వాతి పేజీలో ఏముంది?"

"నాకు కనబడేది ఇదే."

"పిచ్చిదానా, పరిచిన ఫారం చదివి కొంప ముంచుకుంటావా? పక్కన ఉన్నది తర్వాతిది కాదని మడతలు పెట్టే నీకు నేను చెప్పాలా?"

నిజమే. ఆ పేజీకి తర్వాతిది కాగితం వెనక వైపు ఉంటుంది. మడిచాక అంచులు మూసుకుపోతాయి, కోత మిషను కిందకు వెళ్ళేదాకా లోపలి పేజీలు తెరుచుకోవు. తను మడిచే పుస్తకాన్ని వరసలో చదివే వీలు తనకే లేదు. వదిన సిరా మరకపడి పక్కన పారేసిన ఫారం ఒకటి తీసి, మడిచి, అన్నాల వేళ కత్తితో అంచులు కోసింది. పేజీ తిప్పింది.

ఇది ఒక పక్షం, అని మొదలైంది. రెండో పక్షం వాళ్ళు ఒప్పుకోరట. ప్రాణానికే ముప్పు అయినప్పుడు కాస్త ఆగడం దొంగతనం కాదు, కాపలా అంటారట. ఇద్దరి మాటా చెప్పి, ఎవరిది ఒప్పో చెప్పకుండా, పుస్తకం ఇంకో ప్రశ్న వేసింది. దాస్తున్నది ఎవరి భయం వల్ల? చెబుతున్నది ఎవరి బరువు దించుకోవడానికి?

"దీనికి జవాబు ఎవరి ఫారంలో ఉంది?" అని అడిగింది వదిన.

"నా దగ్గర లేదు" అంది నాలుగో ఫారం.

"ఆఖరి ఫారం నా దగ్గరే ఉంది. వెనక పేజీలనిండా ఇంకా ప్రశ్నలే వదినా" అంది కొత్త పెళ్ళికూతురు.

వదిన అన్నం గిన్నె మీద మూత పెట్టేసింది. బరువు తనదే. సాయంత్రాలు గడవక, తను మోయలేక చెప్పాలనుకుంది. అత్త కోసం అనుకున్నదాంట్లో అత్త ఎంత ఉందో వెతికితే చేతికి ఏమీ తగల్లేదు. చెప్పకూడదనీ అనిపించడం లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆదివారం భర్త బయటికి వెళ్ళాడు. ఇవాళ ఏమీ చెప్పను అనుకుంటూనే అత్త పక్కన కూర్చుని ఆవిడ గోళ్ళు తీయసాగింది.

"జలుబు తగ్గిందన్నావు కదూ" అంది అత్త.

"తగ్గిందత్తా."

"ఎప్పుడూ నేను పడుకున్నాకే చేస్తాడేమే? చిన్నప్పుడు నన్ను లేపందే మంచినీళ్ళు కూడా తాగేవాడు కాదు వాడు."

వదిన వేలు వదల్లేదు. తలా ఎత్తలేదు.

"గోళ్ళు తర్వాత తీద్దువుగాని. నా మొహం చూడు. వాడు ఉన్నాడా?"

మాత్రల డబ్బా ఎక్కడుందో వదిన కళ్ళు వెతికాయి. కిటికీ గట్టు మీద, చేతికి అందేంత దూరంలోనే ఉంది. పుస్తకంలో రెండు పక్షాలూ ఆ క్షణంలో నోరు మెదపలేదు. ఇంకో ఫోను కల్పించడానికి నోరు తెరిచింది.

"లేరత్తా" అంది.

అత్త చెయ్యి ఆమె చేతిలో బిగుసుకుంది.  వదిన ఆవిడ ఊపిరి వింటూ, ఒక్కొక్కటీ వచ్చేదాకా తన ఊపిరి ఆపుకుంటూ కూర్చుంది.

"బాధపడ్డాడా?"

"లేదన్నారత్తా. పడగానే పోయారన్నారు."

"చిన్నవాడు వెళ్ళాడా?"

"ఆయనే అన్నీ చూసుకున్నారు."

అత్త కళ్ళ పక్కనుంచి నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. తుడవబోతే వద్దంది. కాసేపటికి, "చిన్నవాడికి చెప్పకే" అంది.

"ఏమని?"

"నాకు తెలుసని. నువ్వు ఫోను సంగతి చెబుతుంటే వాడు ముందుగదిలో పని ఆపేసి వింటాడు. నా మంచం మీంచి కనబడుతుంది. నవ్వుతాడు కూడా, జలుబు తగ్గిందని నువ్వు చెప్పిన రోజు నవ్వాడు. నేను ఏడిస్తే వాడికి అన్న నిజంగా పోతాడు. కొన్నాళ్ళు ఆగు."

"ఎన్నాళ్ళత్తా?"

"కాస్త కోలుకోనీ" అంది అత్త.

భర్త చీకటిపడే వేళకు వచ్చి, ముందుగదిలో ఎవరిదో ఫ్రిజ్ వెనక రేకు విప్పుతూ కూర్చున్నాడు. వదిన అత్త మంచం దగ్గర నిలబడింది.  

"బావగారు ఫోన్ చేశారత్తా" అంది, ముందుగదికి వినబడేలా.

"ఏమన్నాడే?" అంది అత్త.

అవతల స్క్రూడ్రైవర్ చప్పుడు ఆగింది.

"కొత్త బూట్లు కరుస్తున్నాయట."

"నూనె రాయమను" అంది అత్త, గోడవైపు తిరుగుతూ.

అప్పటినుంచీ అదే జరుగుతోంది. ఎన్నాళ్ళో వదినకు తెలియదు. ఆ పుస్తకం బైండింగ్ అయి వెళ్ళిపోయి, ఇప్పుడు బల్ల మీద లెక్కల పుస్తకం ఉంది, వదినకు అందులో రెండో ఫారం. అయినా ఆమెను అందరూ మూడో ఫారమనే పిలుస్తున్నారు, కుళాయి దగ్గర ఆ పాత మాటే చెప్పుకుంటున్నారు. అత్తకు మాత్రం తెలుసు.