రంగు లేని రేసు

ఫ్రెంచి వచ్చినంత మాత్రాన రేసు తెలిసిపోయినట్టా? ఇప్పటికీ నేను ఒప్పుకోను. విశాఖలో పాత పుస్తకాల కొట్ల చుట్టూ తిరిగి కార్ల పత్రికలు పోగేసింది నేను. చక్రాలు బయటికే ఉండే ఆ సన్నటి కార్లలో ఏ రంగుది ఎవరిదో తడుముకోకుండా చెప్పగలిగిందీ నేనే. మా బావ, మేనత్త కొడుకు, యానాం దాటితే కాకినాడ చూశాడేమో. బళ్లో ఫ్రెంచి చదువుకున్నాడు, అంతే.

ఎనభైల్లో ఒక వేసవిలో, ఫ్రాన్స్‌లో ఉంటున్న మామయ్య తమ్ముడు మొనాకో వీధుల్లో జరిగిన రేసును టీవీ నుంచి రికార్డు చేసి కేసెట్ పంపాడు. యానాం కనకాలపేటలో అత్తయ్యవాళ్లింటికి అద్దె వీసీపీ వచ్చింది. నేను విశాఖలోని స్నేహితుడికి ట్రంక్‌కాల్ బుక్ చేసి, ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎవరు గెలిచారో అందరికంటే ముందు వాడికి నేనే చెబుతానని అంతకుముందే డబ్బా కొట్టాను మరి.

బొమ్మ నలుపు తెలుపుల్లో వచ్చింది.

"కొత్త కలర్ టీవీ అప్పుడే పాడైపోయిందేంట్రా!" అంది అత్తయ్య.

మామయ్య మీటలన్నీ తిప్పారు. ఆ దేశపు కేసెట్‌కి మన మిషన్లో రంగు రాదని మాకెవరికీ తెలియదు. సముద్రం పక్క వీధుల్లో, మేడల మధ్య అన్నీ బూడిదరంగు కార్లే పరుగెడుతున్నాయి.

"ముందున్నదెవరిదండీ అల్లుడుగారూ? తమరికన్నీ తెల్సంట గదా, ఆయ్!" పక్కింటాయన గోకాడు.

"ఆ ఎర్ర కారే," అన్నాను, ఏదో ఒకటి.

"కాదు బావా, ఎర్రది ఇందాకే గోడకి గుద్దేసిందంటన్నాడు," అన్నాడు బావ, టీవీలోని ఫ్రెంచి కామెంటరీకి చెవి ఒగ్గి.

అంతే. జనమంతా వాడి పక్కకి జరిగారు. జంతికల పళ్లెం కూడా జరిగింది.

రేసు అయిపోతుండగా ఫోను మోగింది. "గెలిచిందెవర్రా?" అంటున్నాడు స్నేహితుడు. తెరవైపు చూశాను, అన్నీ బూడిదరంగే. బావ లేచొచ్చి, ఎవరికీ వినపడకుండా, నా రెండో చెవిలో పేరు చెప్పాడు. నేనే కనిపెట్టినట్టు గట్టిగా అరిచి చెప్పాను.

"చూశారా, మా బావ పట్టేశాడండీ!" అన్నాడు వాడు అందరితో.

రిసీవర్ విసిరికొట్టినంత పని చేశాను. రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. ఓడించి ఊరుకుంటే సరిపెట్టుకునేవాణ్ణే. ఓడించి, పైగా నన్ను గెలిపించాడు! మీకైతే ఒళ్లు మండేది కాదా?