దల్మా దీవిలో బాపు పోసిన వాటం

శనివారం పొద్దున ఆరింటికి అబుదాబి శివారు బనియాస్‌లో గది తాళం వేసేటప్పటికి నా సంచిలో కిలో జొన్నపిండి, అరకిలో చింతపండు, లోపలి నీళ్లు బయటికి కనపడే ప్లాస్టిక్ పైపు పది మీటర్లు ఉన్నాయి. పిండీ చింతపండూ సరే. పైపు మాత్రం మా బాపు పట్టుబట్టి తెమ్మన్నాడు. హార్డ్‌వేర్ దుకాణం మలయాళీ సేటు దాన్ని చుట్టచుట్టి ఇస్తూ "చేపల తొట్టి పెడుతున్నారా?" అని అడిగాడు. నవ్వి డబ్బులు చేతిలో పెట్టాను.

బాపు దల్మా దీవిలో తాపీమేస్త్రీ. పద్నాలుగేళ్లుగా అక్కడే. నేను అబుదాబిలో ఒక క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరి రెండేళ్లయినా ఆ దీవిలో కాలు పెట్టలేదు. సెలవు లేదనేదాన్ని. ఈసారి ఫోన్లో బాపు గొంతు విన్నాక ఆ మాట నోట రాలేదు.

"బిడ్డా, ఇది నా ఆఖరి స్లాబు. వచ్చే నెల అరవై నిండుతయ్, వీసా ఖలాస్. వాన నీళ్లు మూలకు జారిపోవాలని పైన వాటం పోసిన. సైటుకు కొత్త ముదీర్, అదే మేనేజర్, వచ్చిండు. ఈ ఎడారిల వానెక్కడిది, సిమెంట్ దండుగ చేసినవ్, సోమవారం పలగ్గొట్టి సాపుగ పోయ్ అంటుండు. ఆదివారం ఎనిమిదింటికి వస్త అన్నడు, లెవల్ పైపు పెట్టి చూపెడ్త. నా పాతది పలిగింది. పలగ్గొట్టకముందు నువ్వొకసారి చూసిపో."

అబుదాబి బస్టాండులో ఏడున్నరకు పడమటి వైపు బస్సు. కిటికీ పక్క సీటు దొరికింది గానీ ఇసుక, కరెంటు స్తంభాలు తప్ప చూడ్డానికేమీ లేదు. పదకొండున్నరకు దిగి, ట్యాక్సీలో రేవుకు చేరాను. వెళ్లాలనుకునేవాళ్లు రేవు దగ్గర భోజనం దొరుకుతుందని ఆశపడకండి, ఏదైనా కట్టుకుని వెళ్లండి. నేను రెండు సమోసాలతో సరిపెట్టుకుని ఏడ్చాను. గాలి ఎక్కువగా ఉంటే ఫెర్రీ ఆపేస్తారు కాబట్టి ముందే కనుక్కోవాలి. ఆ రోజు ఆకాశం మూసుకొచ్చినా, రెండింటి ఫెర్రీ కదిలింది.

ఫెర్రీలో తెలుగు వినపడుతుందని అనుకోలేదు. "అమ్మాయ్, మీదే ఊరండీ?" అంటూ పక్కన కూర్చున్నావిడ కామేశ్వరి గారు. కాకినాడ మనిషి, దీవిలో లెక్కల టీచరు, ఐదేళ్లుగా ఉంటున్నారు. నేను జగిత్యాల వైపు అనగానే దీవి సంగతులన్నీ మొదలుపెట్టారు. ఫెర్రీ రాకపోతే కూరగాయలుండవు. సాయంత్రమైతే అందరూ ఒకే రోడ్డు మీద నడుస్తారు, ఎవరింట్లో ఏం వండారో అందరికీ తెలుస్తుంది. "చలికాలం వానలుంటాయి చూడు, బాబోయ్! మా క్వార్టర్సు కురవని చోటే లేదు. మంచం ఎటు జరిపితే అటే కురుస్తుంది. ఇంతకీ మీ నాన్నగారు దేంట్లో చేస్తారు?"

"ఇంజనీరండీ," అనేశాను.

ఎందుకన్నానో అడక్కండి. క్లినిక్‌లోనూ ఎవరైనా అడిగితే "కంపెనీలో" అని నమిలేసేదాన్ని. ఇప్పుడు ఒక మెట్టు పైకెక్కాను, అంతే. సిగ్గులేని నోరు.

నాలుగింటికి దీవి వచ్చింది. బాపుకు ఆ సాయంత్రం ఓవర్‌టైమ్, వాళ్లుండే లేబర్ క్యాంపులో ఆడవాళ్లు ఉండటానికి వీల్లేదు. "హోటలెందుకమ్మా, మా ఇంట్లో పడుకో," అని కామేశ్వరి గారు చెయ్యి పట్టుకు లాక్కెళ్లారు. చారు, అప్పడాలు, వేడన్నం పెట్టారు. ఆవిడ "ఇంజనీర్ గారి అమ్మాయి" అన్నప్పుడల్లా నేను ఇంకో అప్పడం అందుకున్నాను.

తెల్లవారుజామున ముఖం మీద చుక్క పడి మెలకువొచ్చింది. బయట కుండపోత. లేచి చూస్తే కామేశ్వరి గారు చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని బకెట్లు, గిన్నెలు, చివరికి ఇడ్లీ కుక్కరు కూడా సీలింగు కింద సర్దుతున్నారు. ఏడున్నరకు నేను సంచి తీసుకుంటుంటే ఆవిడా గొడుగు పట్టారు. "నేనూ వస్తా. మీ నాన్నగారు ఇంజనీరు కదా, మా కప్పు సంగతేంటో కాస్త చూడమంటా." వద్దనడానికి కారణమేదీ తోచలేదు.

సైటు రెండు వీధుల అవతల. కొత్తగా కడుతున్న రెండంతస్తుల ఇల్లు. మేడ మెట్లెక్కేసరికి బాపు అక్కడే ఉన్నాడు. వారాంతపు సెలవు రోజే అయినా వచ్చి, తడిసి ముద్దై, నెత్తికి ప్లాస్టిక్ కవరు చుట్టుకుని నిలబడ్డాడు. పక్కనే ప్యాంటు మోకాళ్ల దాకా మడిచిన ముదీర్. ఇద్దరూ కిందకు చూస్తున్నారు.

నేనూ చూశాను. అంత వానలో ఆ స్లాబు మీద ఎక్కడా మడుగు లేదు. నీళ్లు నాలుగు వైపుల నుంచి పలుచగా, ఎవరో పిలిచినట్టు, ఒక్క మూలకు పోతున్నాయి. అక్కడి గొట్టంలోంచి ధారగా వీధిలోకి దూకుతున్నాయి. పక్కింటి మేడ చూస్తే చెరువు. అదీ వాళ్ల కంపెనీ కడుతున్నదే, ముదీర్ చెప్పినట్టు సాపుగా పోసిన కప్పు.

"పైపు తెచ్చిన బాపూ," అన్నాను.

"ఇగ పైపెందుకు బిడ్డా? వానే చూపెట్టింది." పళ్లన్నీ కనపడేలా నవ్వాడు.

ముదీర్ వంగి గొట్టం వైపు చూశాడు. తర్వాత బాపు భుజం తట్టి, "ఖలాస్, ఉస్తాద్. మత్ తోడో," అన్నాడు, అంటే పగలగొట్టొద్దని. మెట్ల దాకా వెళ్లి వెనక్కి తిరిగి, పక్కిల్లు చూపించి, "ఓ భీ ఐసా కరో," అన్నాడు. అదీ ఇలాగే చెయ్యమని! నాకు ఈల వెయ్యాలనిపించింది. ఆ మనిషి మా బాపు అని వీధిలోకి అరవాలనిపించింది.

అప్పుడు కామేశ్వరి గారు గొడుగు కింద నుంచి, "ఇంజనీర్ గారూ, నమస్కారమండీ. మా ఇల్లు కూడా కాస్త చూడాలి," అన్నారు.

బాపు నా వైపు చూశాడు. ఒక్కసారే. నేను తల దించుకున్నాను.

"ఇంజనీర్ను గాదమ్మా, మేస్త్రీని," అన్నాడు ఆవిడతో. "ఇంజనీరయితే నేను గూడ సాపుగనే పోస్తుంటి."

కామేశ్వరి గారు ముందు తెల్లబోయి, తర్వాత పడీ పడీ నవ్వారు. "అయితే మరీ మంచిది బాబూ, పదండి!" అన్నారు. వాన తగ్గాక నేను తెచ్చిన పైపుతోనే బాపు ఆవిడ కప్పు కొలిచాడు. పైపు నిండా నీళ్లు పోసి ఒక కొస నా చేతికిచ్చాడు. నా వైపు నీటిమట్టం ఎక్కడుందో అక్కడ గోడ మీద పెన్సిలుతో గీత పెట్టమన్నాడు. పుట్టి బుద్ధెరిగాక బాపు పనిలో చెయ్యి పెట్టడం అదే మొదలు. నీళ్లు పోవాల్సిన చోటే కప్పు రెండు వేళ్లు ఎత్తుగా ఉందని తేలింది. నేను తెచ్చిన పిండితో కామేశ్వరి గారు చేసిన జొన్నరొట్టెలు వంకరగా వచ్చినా బాపు నాలుగు తిన్నాడు.

మూడింటి ఫెర్రీకి దిగబెట్టడానికి రేవు దాకా నడిచొచ్చాడు. పలిగిన పాత పైపు చుట్ట నాకిచ్చి, "బట్టలారేసుకునే తాడు లెక్కనన్న పనికొస్తది," అన్నాడు.

"బాపూ, నిన్న ఆమెతోని నేను..."

"ఎరికే తియ్యి. ఇంకోపారి ఎవరన్న అడిగితే మేస్త్రీ అని చెప్పు. గట్టిగ చెప్పు."

ఫెర్రీ కదిలాక కూడా రేవు మీద బాపు చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఆయన వెనక కడిగినట్టున్న చిన్న ఊరు. ఇన్నాళ్లూ ఆ ఊరిని మ్యాప్‌లో ఒక చుక్క అనుకున్నాను. మా బాపు పోసిన కప్పుల కింద ఎన్ని ఇళ్లవాళ్లు ఆ పూట పొడిగా పడుకున్నారో ఇప్పుడు లెక్కపెట్టుకుంటున్నాను. పక్కన కూర్చున్న పాకిస్తానీ డ్రైవరు నా ఒళ్లోని పైపు చూసి, హిందీలో, దీవిలో మీవాళ్లెవరున్నారని అడిగాడు.

"మా నాన్న. మేస్త్రీ!" అన్నాను.

ఇంజను చప్పుడులో వినపడదేమోనని గట్టిగా అన్నాను. ముందు వరసలో వాళ్లు కూడా వెనక్కి తిరిగి చూశారు. ఇంజను చప్పుడు నిజానికి అంత లేదు.