అక్కకు గీయని గీత

మొన్న మా ఇబ్రహీంపట్నంలో ఒక ఫంక్షన్ హాల్లో సమావేశం పెట్టారు. సాగర్ రోడ్డు మీద ఇకముందు ఒక్క ప్రాణం కూడా పోకూడదని, ఒక్కరి కాలూ చెయ్యీ విరగకూడదని కొత్త ప్రణాళిక తయారు చేస్తున్నారట, ఊరివాళ్లు వచ్చి సలహాలు చెప్పాలట. మన వయసు వాళ్లకు సలహాలు చెప్పడం కన్నా ఇష్టమైన పని ఏముంటుంది, చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాను. మన్నెగూడ నుంచి మా ఊరి దాకా రోడ్డంతా తెర మీద పరిచి చూపించారు. స్తంభాలకు కెమెరాలు కట్టి లెక్క తీశారట, ఏ గంటకు ఎన్ని లారీలు, ఎన్ని కార్లు, ఎన్ని బైకులు పోతున్నాయో రంగురంగుల గీతల్లో కనబడింది. లెక్కను బట్టి రోడ్డు దాటడానికి సిగ్నల్ ఎక్కడెక్కడ పెట్టాలో గుర్తులు కూడా పెట్టారు. మా చెరువు వాడ ముందున్న బస్టాపు దగ్గర ఏ గుర్తూ లేదు. చివరిదాకా ఓపిక పట్టి, నడిచేవాళ్ల లెక్క ఏదమ్మా అని అడిగాను. అక్కడున్న ఇంజనీరు అమ్మాయి చాలా మర్యాదగా, ఆ వివరాలు ఈ విడతలో తీసుకోలేదు, మీ దగ్గర ఏమైనా ఉంటే నెలాఖరులోగా రాసివ్వండి అని చెప్పింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ పిల్ల మీద మండితే అర్థం లేదు, ఆమె పుట్టకముందే ఆ తప్పు చేసినవాణ్ణి నేను.

నేను చదువు ముగించి ఉద్యోగం కోసం తిరుగుతున్న రోజుల్లో, సాగర్ రోడ్డు వెడల్పు చేయాలా అక్కర్లేదా తేల్చడానికి బండ్లు లెక్కపెట్టే పని ఒకటి వచ్చింది. ఎవరో గుత్తకు తీసుకుని మాలాంటి కుర్రవాళ్లను రోజుకూలీకి పెట్టుకున్నారు. చేతికొక అట్ట, ఒక పెన్సిలు, ఒక గొడుగు ఇచ్చి రోడ్డు పక్కన కూర్చోబెట్టేవారు. బండి పోగానే దాని గడిలో ఒక నిలువు గీత గీయాలి, నాలుగు నిలువు గీతలయ్యాక అయిదోది అడ్డంగా గీయాలి, అంతే పని. మీలో కొందరికైనా ఆ కట్టల లెక్క గుర్తుండే ఉంటుంది. ఫారంలో లారీకి ఒక గడి, బస్సుకు ఒకటి, కారు, స్కూటరు, సైకిలు, ఆఖరికి ఎడ్లబండికి కూడా ఒక గడి ఉండేది. మనిషికి మాత్రం లేదు.

నన్ను కూర్చోబెట్టింది సరిగ్గా మా వాడ ముందే. మాది చెరువులో చేపలు పట్టి బతికిన ఇల్లు, మా అక్కను ఇచ్చింది కూడా అదే వాడలో, అదే పని చేసే ఇంటికి. రోజూ పొద్దున బావ వల దులిపి చేపలు తెచ్చి పోస్తే, అక్క వాటిని గంపకెత్తుకుని, ఇంకో పది పన్నెండు మంది ఆడవాళ్లతో కలిసి రోడ్డు దాటి, అవతలి వైపు బస్సెక్కి, అప్పుడప్పుడే లేస్తున్న మీర్‌పేట్ కాలనీలకు పోయి ఇంటింటికీ తిరిగి అమ్ముకొచ్చేది. దాటే ముందు నా దగ్గర ఆగి, కొంగులో కట్టుకొచ్చిన జొన్నరొట్టె నా ఒళ్లో పడేసేది. తల మీద గంప, చంకన సంచి, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక వేళాకోళం.

"ఏమ్రా తమ్మీ, గంత మందిని రాస్తున్నవ్, నన్ను రాసినవా?" అనేది.

రాయలేదని చెప్పడానికి సిగ్గేసి ఒకరోజు మా పెద్దసారును అడిగాను, ఇంతమంది ఆడవాళ్లు రోజూ దాటుతున్నారు కదా, ఎక్కడ రాయాలని. ఆయన నా అట్ట తీసుకుని చూసి నవ్వాడు. "చక్రాలుంటెనే గీత గీయి. కాళ్లు లెక్కవెట్టుకుంట కూసుంటె పని ఒడుస్తదా?" అన్నాడు. నేనూ నవ్వాను. ఈనాటికీ తల్చుకుంటే ఆ నవ్వే నాకు రోత పుట్టిస్తుంది.

ఆ రోజుల్లో లారీ డ్రైవర్లు గంపలు చూడగానే దూరం నుంచే నెమ్మది చేసేవారు. అక్కావాళ్లు వరుసగా దాటేదాకా ఆగి, కొందరు కిటికీలోంచి తల బయటపెట్టి ఇవాళ ఏం చేపలని కూడా అడిగేవారు. అక్క దాటిన తర్వాత ఆ లారీ కదిలేది, నేను పెన్సిలు తీసేవాణ్ణి. మా అక్క కోసం ఆగిన లారీకి గీత గీశాను, మా అక్కకు గీయలేదు. వారం రోజులు ప్రతి పొద్దూ అదే చేశాను, ఆమె పెట్టిన రొట్టె తింటూ చేశాను.

ఆ తర్వాత నాకు వేరే ఉద్యోగం దొరికి ఆ సంగతే మర్చిపోయాను. మధ్యలో ఇంకో రెండు మూడు సార్లు ఎవరెవరో వచ్చి లెక్కలు తీశారు, అన్నీ మా ఫారం పోలికే. కొన్నేళ్లకు రోడ్డు వెడల్పయింది. తెలంగాణ వచ్చిన కొత్తల్లో మా వాడ ముందు నడిమధ్య డివైడర్ లేచింది. బండ్లు మళ్లడానికి సందు పెట్రోలు బంకు దగ్గర ఇచ్చారు, ఎందుకంటే లారీలు తిరిగేది అక్కడ. మనుషులు తిరిగేది ఇక్కడ అని చెప్పడానికి ఏ కాగితంలోనూ ఒక్క గీత లేదు. నెత్తిన గంపలతో ఆడవాళ్లు ఒక కాలు ఎత్తి డివైడర్ మీద వేసి, బండ్లు తగ్గేదాకా అక్కడే నిలబడి, మళ్లీ దిగి ఉరుకులు పెట్టేవారు. అలా దిగుతుండగానే ఒక పొద్దున ఒక కారు మా అక్కను కొట్టి వెళ్లిపోయింది. తుంటి ఎముక విరిగింది. చేపలు రోడ్డంతా చెల్లాచెదురై, దవాఖానకు మోసుకుపోయేటప్పుడు కూడా ఆమె గంప ఎక్కడని అడిగిందట.

చూడవచ్చిన ప్రతివాడూ ఒకటే మాట, దాటేటప్పుడు చూసుకోవద్దా అని. యాభై దాటిన ఆడమనిషి నెత్తిన బరువుతో గోడ ఎక్కి దిగి, దూసుకొచ్చే కార్ల మధ్య చూసుకుని నడవాలట! ఆమెను చూసి రోడ్డు వేయాల్సిన వాళ్లు చూసుకోలేదని ఒక్కరి నోటా రాలేదు. నా నోటా రాలేదు, అదే నా కోపం. నాకు తెలుసు కదా ఆమె లెక్కలో లేదని.

ఆ రోజు నుంచి అక్క సాగర్ రోడ్డు దాటలేదు. చేతికర్రతో రోడ్డు అంచు దాకా నడుస్తుంది, అక్కడితో ఆగుతుంది. కూతురి ఇల్లు సరిగ్గా అవతలి వైపే, అక్క గడప మీద కూర్చుంటే ఆ ఇంటి డాబా మీద ఆరేసిన చీరలు కూడా కనబడతాయి. ఆ కూతురికి పురుడొస్తే అక్కను ఆటోలో ఎక్కించి, బంకు దాకా పోయి, అక్కడ మళ్లి, అంత దూరమూ వెనక్కొచ్చి దింపారు. చుట్టం లాగ పోయొచ్చిన అని ఆమె నవ్వుతూ చెబుతుంది గాని, వినడం నాకు చేతకాదు.

సమావేశం అయిన మర్నాడు పిల్లల నోటుపుస్తకం ఒకటి కొని, నేనే గడులు గీసుకుని, బస్టాపు పక్కన, మా వాడ వైపే ఉన్న చాయ్ దుకాణం ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆడవాళ్లు, మగవాళ్లు, బడిపిల్లలు, బరువు మోసేవాళ్లు, ముసలివాళ్లు. ఎవరు దాటితే వాళ్లకు గీత. రెండు పొద్దులు గీసేసరికే పేజీలు నిండాయి. ఇన్నేళ్ల తర్వాత పాపం కడుక్కుంటున్నానని లోపల కాస్త గర్వం కూడా వచ్చింది. మూడో రోజు అక్క కర్ర పొడుచుకుంటూ వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. చాయ్ తాగుతూ చాలాసేపు నా పెన్సిలు వంకే చూసింది.

"నాకు గీయవా?" అంది.

"నువ్వు దాటలే గదక్కా," అన్నాను.

"దాటనిస్తె దాటనా? నాకు అవుతలికి పని లేకనా? బిడ్డ ఇల్లు గాడనే ఉండె. గీ బండ్లకు భయపడి ఇంట్ల కూసున్నోళ్లం వాడల ఎంతమందిమి లేం?"

పెన్సిలు ఆగిపోయింది. ఆనాడు ఆమె దాటింది, నా ఫారంలో గడి లేదు. ఈనాడు గడి నేనే గీశాను, అందులోనూ ఆమె లేదు. కెమెరాకు ఎలాగూ కనబడదు, భయంతో గడప దగ్గరే ఆగిపోయిన మనిషి ఏ కెమెరాకు కనబడుతుంది? రేపు ఎవరో వచ్చి, ఇక్కడ ముసలివాళ్లు పెద్దగా దాటడం లేదు, సిగ్నల్ అక్కర్లేదని ఆ లెక్కే చూపిస్తారు.

రోడ్డు వైపు చూశాను. ఆగి, చేపలేమిటని అడిగే డ్రైవరు ఇప్పుడెవరూ లేరు, నల్ల అద్దాల వెనక ఎవరున్నారో కూడా తెలియదు. రోడ్డు సన్నగా ఉన్న రోజుల్లో అవతలి వైపు మనకు ఎంత దగ్గరగా ఉండేది! ఇటు పొయ్యి మీంచి పులుసు దించితే అటు గిన్నె పోయేది. మా అక్క ఆ దూరం ఒక్క పరుగులో దాటేది.

పేజీ తిప్పి కొత్త గడి ఒకటి గీసి, పైన "దాటే పని ఉండీ దాటలేనివాళ్లు" అని రాశాను. నెలాఖరుకు ఇంకా ఎనిమిది రోజులున్నాయి, ఈ గడి కోసం వాడలో ఇల్లిల్లూ తిరగాలి. మొదటి గీత మా అక్కది. సన్నగా పడింది.

ఆమె ముందుకు వంగి చూసింది. "గట్టిగ గీయిరా," అంది. "సక్కగ కనవడాలె."