నలభై ఏళ్ల మొక్కు

ఎనభైల్లో ఒకసారి తిరుత్తణి కొండ మీద గుండు చేయించుకోవడానికి వరసలో కూర్చున్నాను. నా ముందున్న నలభై ఏళ్ల మీసాలాయన లేచి వెళ్లి, బక్కచిక్కిన ఒక ముసలాయన ఒడిలో కూర్చున్నాడు. తెల్లబోయాను.

"వీడు పుట్టినప్పుడు ఈడ గుండు కొట్టిస్తానని మా అక్క మొక్కుకునిందయ్యా. తీర్చకనే పోయింది," అన్నాడు ముసలాయన. "ఎల్లుండి వీనికి మద్రాసులో గుండె ఆపరేషను. తొలి గుండు మేనమామ ఒళ్లోనే తియ్యాల గదా."

మేనల్లుడు బరువు పడనీకుండా కాళ్లు నేలకు అదిమి ఉంచాడు. 

"ఇన్నేండ్లు ఊరికే ఉండిపోతిమి. ఇప్పుడొస్తే సామి ఒప్పుకుంటాడా?" అన్నాడు నాతో.

"బిడ్డను కదలకుండా పట్టుకో సామీ," అన్నాడు మంగలి, అలవాటు కొద్దీ.

ముసలాయన రెండు చేతులతో పొదివి పట్టుకున్నాడు. గుండు పూర్తయి, మంగలి కత్తి కడుక్కున్నా వదల్లేదు.