నర్సింహ బిగించిన గాజు ఫిల్టరు

ఈ ఉదయం కారు బానెట్ ఎత్తి ఫిల్టరు మారుస్తుంటే మణికట్టు మీదుగా పెట్రోలు కారింది. ఆ చల్లదనం, ముక్కును మండించే ఆ వాసన తగలగానే నర్సింహ గుర్తొచ్చాడు. ఒకప్పుడు మా ట్రాక్టరు తోలి, తరువాత ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని బండ్లు బాగుచేసిన మనిషి. అతను పోయినప్పటి నుంచి ఈ పని నేనే చేసుకుంటున్నాను.

మాది దొరల కుటుంబం. భూములు, పలుకుబడి పోయాక తాతగారి అంబాసిడర్ ఒకటి మిగిలింది. ఊళ్లో ఏ ఇంటి ఆడపిల్లయినా అత్తవారింటికి ఆ కారులోనే వెళ్లాలన్నది ఆయన పెట్టిన ఆనవాయితీ. ఊరికి మేమింకా ఇవ్వగలిగింది అదొక్కటే. అలాంటిది, ఒక పెళ్లిలో కారు ఊరు దాటకుండానే ఆగిపోయింది. జనం వెనక నుంచి నూకారు, నవ్వారు. మరోసారి ఆగితే ఇక ఎవరూ అడగరు. కొద్ది రోజుల్లో మా వీధి మల్లయ్య కూతురు అత్తవారింటికి యాచారం వెళ్లాలి.

కారును షెడ్డుకు తీసుకెళ్తే నర్సింహ పెట్రోలు గొట్టం ఊడదీసి నా అరచేతిలో వంచాడు. ఎర్రటి తుప్పుపొడి పడింది.

"టాంకి లోపల గిట్లున్నది దొరా. ఫిల్టర్ ఎయ్యాలె."

"తాతగారు పెట్టనిది నేను పెట్టను. టాంకీ కడుగు."

"కడిగిన. ఎన్నిసార్లని కడగాలె? మీ తాత ఉన్నప్పుడు ఇది కొత్త బండి. ఇప్పుడు తాతే ఉన్నా కట్టె పట్టుకుని నడుస్తుండె."

షెడ్డులో ఉన్నవాళ్లంతా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. టాంకీ ఎప్పుడూ అడుగంటి ఉంటే లోపల తుప్పు పడుతుంది. మా టాంకీ నిండి ఎన్నేళ్లయిందో నర్సింహకు తెలుసు. ఎంత నోరున్నవాడైనా ఆ మాట మాత్రం నలుగురిలో అనలేదు. అందుకే గొట్టం కోయడానికి ఒప్పుకున్నాను. కానీ అతను గాజు ఫిల్టరు తీసేసరికి మళ్లీ అడ్డుపడ్డాను. లోపలి తుప్పు బయటికి కనబడకుండా నల్లటి లోహపు ఫిల్టరేదైనా పెట్టమన్నాను.

"కానరాకుంటె మురికి నిండింది ఎట్ల తెలుస్తది? కారుకు లేని సిగ్గు నీకెందుకు?" అన్నాడు. గాజుదే బిగించి, మళ్లీ విప్పి నా చేతికిచ్చాడు. "ఇగ నువ్వు బిగియ్యి. బాణం గుర్తు కార్బురేటర్ దిక్కుండాలె. యాచారం తొవ్వల నేనుంటనా?" అని ఇంకొక ఫిల్టరు నా జేబులో వేశాడు.

పెళ్లయి పిల్లను పంపే రోజు, యాచారం ఇంకా రాకముందే ఇంజన్ దగ్గి ఆగిపోయింది. వెనక సీట్లో పెళ్లికూతురు, నా పక్కన మల్లయ్య. వెనకాలే వస్తున్న జీపులోంచి మగపెళ్లివారు దిగారు. "దొరా, నూకమంటవా?" అని ఒకడు అరిచాడు. కిందికి దిగాలనిపించలేదు. అద్దంలో ఆ పిల్ల ముఖం చూశాక దిగి, అందరి ముందూ బానెట్ ఎత్తాను. ఫిల్టరు ఎర్రగా నిండి ఉంది.

"ఏమైంది దొరా?" అంటూ మల్లయ్య నా కండువా అందుకున్నాడు.

"పాత టాంకీ మల్లయ్యా. నిండుగా పోయించలేక తుప్పు పట్టించాను."

ఎవరూ నవ్వలేదు. జీపు డ్రైవరు వచ్చి గొట్టం పట్టుకున్నాడు. కొత్తది బిగించేసరికి నా చేతులకు తుప్పు పచ్చగా అంటింది. తాళం తిప్పితే ఇంజన్ అందుకుంది. కిటికీలోంచి పెళ్లికూతురు అంది: "బాపు, దొర చేతులు సూడు! నా లగ్గంల ఆయనకే ఎక్కువ పసుపంటినట్టున్నది." వాళ్లను దింపి బయలుదేరుతుంటే మల్లయ్య తమ్ముడు కారు పక్కన నిలబడ్డాడు. "మా పిల్లకు గూడ ఇదే రావాలె" అన్నాడు.

మరునాడు షెడ్డుకు వెళ్లి ఇదంతా చెబితే నర్సింహ మెచ్చుకోలేదు. "బాణం ఎటుదిక్కు పెట్టినవ్?" అని అడిగి, సరిగ్గానే చెప్పానని తలూపి, వేరే బండి కిందికి దూరాడు.

మొన్న హైదరాబాదులో ఒక పెద్దమనిషి, మీ ఇల్లెలా ఉందని అడిగాడు. మా నాన్నగారైతే దివ్యంగా ఉందనేవారు. ముందు సగం కూలిందనీ, వెనక రెండు గదుల్లో ఉంటున్నామనీ, వానకు అందులో ఒకటి కురుస్తుందనీ చెప్పాను. కారుకు లేని సిగ్గు నాకెందుకని, చెబుతున్నంతసేపూ తల దించలేదు.