హ్యాండ్‌బ్రేకు ఉన్న బండి కోసం బాయిల్ దాకా

మే నెల శనివారం, ఉదయం ఏడు కాకముందే డబ్లిన్ పక్కనున్న స్వోర్డ్స్ మెయిన్ స్ట్రీట్‌లో బస్సెక్కాం, నేనూ మా అమ్మాయి హారికా. వెళ్తున్నది ఐర్లండ్ పడమర దిక్కున ఉన్న రాస్‌కామన్ కౌంటీలోని బాయిల్ అనే చిన్న ఊరికి. అక్కడ ఒకావిడ ముప్పై ఏళ్ళు దాటిన కారు ఒకటి అమ్మకానికి పెట్టింది. తొంభైల నాటి ఫ్రెంచి బండి, మూడు తలుపులది. పైకి మామూలు చిన్న కారు, లోపలి ఇంజను మాత్రం దాని ఒంటికి మించినది. ఇలాంటివాటిని హాట్ హ్యాచ్ అంటారు. గుంటూరులో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో లైబ్రరీలో ఒక పాత పత్రికలో దాని బొమ్మ చూశాను. అప్పటి నుంచి మనసులోంచి పోలేదు. నడపడంలో దానికున్న పేరు నిజమేనా, అడుగుతున్న ధర న్యాయమేనా అన్నది కళ్ళారా చూసి తేల్చుకోవాలని బయల్దేరాను. ఇలాంటి బండి కోసం తిరిగేవాళ్ళు మనవాళ్ళలో ఇంకా ఉంటారు కాబట్టి, వాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను.

కారు కొనేవాడు బస్సులో, రైల్లో వెళ్ళడమేమిటని అడగవచ్చు. ఏడాదిగా నేను స్టీరింగ్ ముట్టుకోలేదు. పోయిన వసంతంలో ఒకరోజు హారికను స్కూల్లో దింపడానికి వెళ్తుంటే దారిలో నాకు ఫిట్స్ వచ్చింది. అంతకుముందు ఎన్నడూ లేదు. ఇంటికి తాళం వేయడం గుర్తుంది, ఆ తరువాత అంబులెన్సు పైకప్పు గుర్తుంది, మధ్యలో ఏమీ లేదు. కారు రౌండబౌట్ దగ్గర మెల్లగా పోతూ రోడ్డు అంచు ఎక్కి, పక్కనున్న కంచెపొదల్లో ఆగిపోయిందని తరువాత చెప్పారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. మందులు వేసుకుంటున్నాను, మళ్ళీ రాలేదు, పోయిన నెలే డాక్టరు ఇక నడుపుకోవచ్చన్నారు.

నాకు అనుమతి వచ్చింది గానీ హారికకు భయం పోలేదు. ఆరోజు నుంచి తను ఏ కారులోనూ ముందు సీట్లో కూర్చోలేదు. వాళ్ళమ్మ నడుపుతున్నా సరే, వెనక్కే వెళ్తుంది. ఆ ఉదయం ఏం జరిగిందో ఇంతవరకు ఒక్క ముక్క చెప్పలేదు. డాక్టర్లు బలవంతం చేయవద్దన్నారు కాబట్టి మేమూ అడగలేదు. నేను ఈ బండి సంగతి ఎత్తగానే మా ఆవిడ మాధవి, తను బోమాంట్ ఆసుపత్రి‌లో డాక్టరు, కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది.

"నీకు నచ్చిన బండి కొనుక్కో, నేనేం అనను. కానీ అందులో ఎక్కాల్సింది పిల్ల. ముందు దాన్నడుగు."

అడిగాను. "నేనూ వస్తా" అంది హారిక. నన్ను ఆపడానికే వస్తోందనుకున్నాను. హారికకు పదహారేళ్ళు. తెలుగు బాగానే అర్థమవుతుంది, జవాబులు మాత్రం ఐరిష్ యాస ఇంగ్లీషులో ఇస్తుంది. ఆ మాటల్ని చాలావరకు తెలుగు చేసి రాస్తున్నాను.

శనివారం పొద్దున బస్సు ఖాళీగా ఉంటుంది, ముప్పావు గంటలోపే కొనలీ స్టేషన్ దగ్గర దింపేసింది. అక్కడి నుంచి ఎనిమిది దాటాక స్లైగో వెళ్ళే రైలు. టికెట్లు ముందుగా ఆన్‌లైన్లో తీసుకుంటే చవక, సీటు మీద మన పేరు కూడా వస్తుంది. రైలు పక్కనే చాలా దూరం రాయల్ కాలువ కలిసి వస్తుంది. మేనూత్ దాటాక పులిహోర డబ్బా తీశాను. వాసనకు అటుపక్క సీట్లోని కుర్రాడు తలెత్తి నవ్వాడు. కరీంనగర్ అబ్బాయి, ములింగార్ ఆసుపత్రిలో డాక్టరు, డ్యూటీకి వెళ్తున్నాడు. మూత నిండా పెట్టి ఇచ్చాను.

"ఏడిదాకా అన్నా, స్లైగోకా?"

"బాయిల్. ఒక కారు చూడ్డానికి."

"కారు కోసం గింత దూరమా! డబ్లిన్ల దొరకవా?" అన్నాడు. నేను ఏ కారో చెప్పాను. "గవి నేను పుట్టకముందు బండ్లు కదన్నా. ఎయిర్‌బ్యాగులన్న ఉంటయా?"

ఉండవన్నాను. అతను హారిక వైపు ఒకసారి చూసి, మళ్ళీ పులిహోర తిన్నాడు. ములింగార్లో దిగేటప్పుడు మాత్రం "పైలం అన్నా" అన్నాడు. ఆ మాట నాకు బాయిల్ వచ్చేదాకా చెవిలోనే ఉంది.

పదిన్నర దాటాక బాయిల్‌లో దిగాం. స్టేషన్ చిన్నది, ఊరు నడిచిపోయేంత దూరం. కారు యజమానురాలు నోరీన్ అనే అరవై ఏళ్ళావిడ, రిటైరైన టీచరు, తన జీపులో వచ్చింది. అమ్మే బండిని తీసుకురావద్దనీ, నేను వచ్చేదాకా ఇంజను వేడెక్కించవద్దనీ ముందే ఫోన్లో చెప్పాను. చల్లగా ఉన్నప్పుడు ఎలా స్టార్టవుతుందో చూడకుండా పాత బండి కొనకూడదు. ఇన్సూరెన్సు కూడా ముందురోజే ఒక్కరోజుకు రాయించుకున్నాను. అది లేకుండా నడుపుతుంటే గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఆపారనుకోండి, బండి అక్కడే వదిలేసి నడిచి రావాలి.

నోరీన్ టీ ఇచ్చాక షెడ్డు తలుపు తీసింది. ఎర్ర రంగు, కాస్త వెలిసింది. పత్రికలో బొమ్మకన్నా చిన్నదిగా ఉంది. ఒకసారి చేత్తో తడిమి చూశాను, సిగ్గుపడాల్సిన పనేమీ లేదు, ఇష్టం అలాంటిది. అయినా చూడాల్సినవి చూశాను. వెనక కార్పెట్ ఎత్తి చూశాను, కింద పడుకుని చూశాను. మా ఫ్రిజ్ మీద నుంచి తెచ్చిన అయస్కాంతాన్ని, వైజాగ్ లైట్‌హౌస్ బొమ్మ ఉన్నదాన్ని, రేకు పొడుగునా ఆనించుకుంటూ పోయాను. డ్రైవరు తలుపు కింద అది పట్టు తప్పి నేల మీద పడింది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ పడింది. అక్కడ ఇనుము లేదు, తుప్పు తినేసిన చోట లప్పం పూసి రంగేశారు.

"ఆ సంగతి చెబుదామనే అనుకుంటున్నాను" అంది నోరీన్, కొంచెం ఇబ్బందిగా. "మిగతాదంతా గ్రాండ్."

అడుగుతున్నది పన్నెండు వేల యూరోలు. ఆ డబ్బుకు కొద్ది ఏళ్ళే వాడిన, వారంటీ ఉన్న జపాను కారు వస్తుంది. నేను దీని గురించి ఆలోచిస్తుండగా అటుపక్క నుంచి టకటకమని చప్పుడు వినిపించింది. హారిక తలుపు తీసి, లోపలికి వంగి, రెండు సీట్ల మధ్య ఉన్న హ్యాండ్‌బ్రేకు కడ్డీని పైకి లాగుతోంది.

"ఇది నిజమైన హ్యాండ్‌బ్రేకేనా?" అని నోరీన్‌ను అడిగింది.

"ఇంతకంటే నిజమైనది దొరకదమ్మా. గట్టిగా లాగు, ఏం కాదు."

హారిక లాగింది, దించింది, మళ్ళీ లాగింది. పిల్లచేష్ట అనుకున్నాను.

మొదట నోరీన్ నడిపింది, నేను పక్కన, హారిక వెనక. తిరిగొచ్చాక నోరీన్ తాళాలు నా చేతిలో పెట్టింది. తన మోకాలు ఇక ఆ కారులో మళ్ళీ మడుచుకోదనీ, మమ్మల్నే చెరువు వైపు వెళ్ళి రమ్మనీ చెప్పింది. హారిక వెనక నుంచి దిగింది. సీటు మళ్ళీ మడిచి వెనక్కి ఎక్కుతుందని చూస్తున్నాను. ఎక్కలేదు. ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. ఏమైనా అంటే దిగిపోతుందేమోనని నోరు మెదపకుండా బండి తీశాను.

ఇప్పుడు పేరు సంగతి చెప్పాలి. నిలబడి ఉన్నప్పుడు స్టీరింగ్ రోలులా బరువు. కదిలిందా, తేలికైపోతుంది. రోడ్డు మీద ప్రతి గులకరాయీ అరచేతికి తెలుస్తుంది. కాలు ఇలా ఆనిస్తే అలా దూకుతుంది. ఇన్నేళ్ళూ నేను నడిపినవి కార్లు కావేమో, చక్రాల మీది గదులేమో అనిపించింది. కర్లూ కొండల కింద దారి సన్నగా, వంకరటింకరగా ఉంటుంది, రెండు పక్కలా పూసిన ముళ్ళకంచెలు. ఒక మలుపు మధ్యలో అవతల ట్రాక్టరు కనిపించి యాక్సిలరేటరు మీంచి కాలు తీసేశాను. ఈ బండికి ఉన్న అసలు పేరు అదే. మలుపులో కాలు తీస్తే వెనక చక్రాలు పక్కకు జారుతాయంటారు. జారాయి, జానెడు. స్టీరింగ్ సర్దగానే బుద్ధిగా దారిలోకి వచ్చేసింది. ట్రాక్టరతను ఒక వేలెత్తి పలకరించి పోయాడు. పత్రికలో చదివింది అక్షరాలా నిజం. సంతోషం పట్టలేక హారిక వైపు తిరిగాను.

తను రోడ్డు చూడటం లేదు. ట్రాక్టరును చూడలేదు, మలుపునూ చూడలేదు. నా ముఖం చూస్తోంది. హ్యాండ్‌బ్రేకు మీద వేళ్ళు తెల్లగా బిగుసుకున్నాయి. ఆ చూపు నాకు తెలియనిది కాదు. అన్నం తింటున్నప్పుడు, టీవీ చూస్తున్నప్పుడు, నేను మాట మధ్యలో ఏదైనా గుర్తు తెచ్చుకోవడానికి ఆగినప్పుడు, ఏడాదిగా నా మీద ఉన్నదే. ఈ ఈడు పిల్లల ముభావం అనుకున్నాను. అది కాపలా అని అప్పుడు అర్థమైంది.

చెరువు కనిపించే చోట ఒక పొలం గేటు ముందు బండి ఆపాను.

"ఎందుకాపావు? ఏమైంది? నాన్నా, నా పేరు చెప్పు!"

"హారిక."

"ఈరోజు ఏ వారం?"

"శనివారం. నాకేం కాలేదమ్మా. నిన్ను చూసి ఆపాను."

ఇంజను ఆపేశాను. అప్పుడు చెప్పింది, ఏడుస్తూ, సగం సగం మాటల్లో. ఆ ఉదయం మూడుసార్లు పిలిచిందట. నా తల కిటికీ వైపు తిరిగి బిగుసుకుపోయిందట. కారు మెల్లగా పోతూనే ఉంది. వేసవి సెలవుల్లో గుంటూరు వెళ్ళినప్పుడల్లా మా నాన్న తన పాత కారు ఆపాక హ్యాండ్‌బ్రేకు దీని చేతే లాగించేవాడు. ఆ అలవాటుకొద్దీ చెయ్యి సీట్ల మధ్యకు పోయింది.

"అక్కడ ఏమీ లేదు నాన్నా. ఒక చిన్న బటన్ ఉంది. నొక్కాలో లాగాలో నాకు తెలీదు. ఫుట్‌పాత్ మీద చిన్నపిల్లలు యూనిఫాంలో నడుస్తున్నారు. నేనే స్టీరింగ్ ఇటు లాగేశాను. కారు దానంతటదే కంచెలోకి పోయిందని అందరూ అన్నారు. కాదు. నేను చేశాను. చేసింది తప్పేమో, నీకు ఏమైనా అయ్యుంటేనో అని..."

ఆ ఉదయం నాకు తెలియకుండానే పోయింది గానీ, ఈ పిల్ల దాన్ని ఒక్కతే మోసుకు తిరిగింది. "ఆ పిల్లల్నీ నన్నూ కాపాడింది నువ్వే, తప్పు కాదమ్మా" అని చెప్పి, నేనూ ఏడ్చాను. గేటు అవతల ఆవులు మేత ఆపి మమ్మల్నే చూస్తూ నిలబడ్డాయి.

చాలాసేపటికి హారిక ముక్కు తుడుచుకుని హ్యాండ్‌బ్రేకు తనే దించింది. "పోనివ్వు. మెల్లగా" అంది. నలభై దాటకుండా షెడ్డు దాకా తీసుకొచ్చాను. అంత పేరున్న బండిని అంత నిదానంగా ఎవరూ నడిపి ఉండరు.

నోరీన్‌కు ఉన్నమాట చెప్పాను. బండి అద్భుతం, తలుపు కింద తుప్పుతో ఆ ధర పెట్టలేను. ఆవిడ నొచ్చుకోలేదు. సోమవారం కార్క్ నుంచి ఇంకొకరు వస్తున్నారట. మా కళ్ళు చూసి సూపు పెట్టింది, ఇంట్లో చేసిన బ్రౌన్ బ్రెడ్ సగం కాగితంలో చుట్టి ఇచ్చింది, సాయంత్రం రైలుకు స్టేషన్లో దింపింది.

వెళ్ళాలనుకునేవాళ్ళకు నా మాట ఇది. ఆ కారుకున్న పేరు ఉత్తది కాదు. ఒక్కసారి నడిపితే తెలిసిపోతుంది. ధర మాత్రం బండిది కాదు, మన పాత కోరికది. ఆ కోరిక ఉన్నవాళ్ళు ఇస్తారు, లేనివాళ్ళు నవ్వుతారు. అయస్కాంతం తీసుకెళ్ళండి, రైలుకు తిండి కట్టుకెళ్ళండి. వీలైతే మీ బండిలో పక్కన కూర్చోబోయే మనిషిని కూడా తీసుకెళ్ళండి. ఏ ధర అయినా వాళ్ళు కూడా కట్టాల్సిందే.

లాంగ్‌ఫర్డ్ దాటేసరికి హారిక బ్రెడ్ తినేసి నిద్రపోయింది. స్వోర్డ్స్‌లో బస్సు దిగేటప్పటికి ఎనిమిదవుతోంది, ఇంకా పట్టపగల్లాగే వెలుతురు. ఇంటి ముందు మాధవి కారు ఉంది.

"అమ్మ కారు తాళాలు తీసుకురా" అంది హారిక. "ఆ బటన్ ఎలా పనిచేస్తుందో చూపించు."

తీసుకొచ్చాను. మా వీధి చివర దారి మూసుకుపోతుంది, బళ్ళు రావు. నేను బండిని నడక వేగంతో పోనిస్తాను, హారిక బటన్ పైకి లాగి పట్టుకుంటుంది, బండి గుర్రుమని ఆగుతుంది. మాధవి గుమ్మంలోకి వచ్చి, ముందు సీట్లో ఉన్న పిల్లను చూసి, తలుపు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. హారిక "మళ్ళీ" అంది, మళ్ళీ పోనిచ్చాను. ఆ మాట ఎన్నిసార్లందో లెక్కపెట్టలేదు. చివరికి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"సరే. సోమవారం నువ్వే నన్ను స్కూల్లో దింపు" అంది.